హెచ్చరిక ఎందాకా నడిచింది? - హరికేన్ల జాడ తీసిన చరిత్రలో నల్లవాళ్ళు

గాలికి కులం లేదు, నీళ్ళకి జాతి లేదు అంటుంటారు. పెద్ద తుఫాను వచ్చిపోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట రాస్తారు. ప్రకృతి ముందు అందరూ సమానమేనట. మేము ఈ వ్యాసంలో ఆ మాటని పరీక్షకి పెడుతున్నాం. గాలికి జాతి లేదనే ఒప్పుకుందాం. కానీ గాలి వస్తోందన్న కబురుకి జాతి ఉంది. ఆ గాలికి తెగిన కట్టకి జాతి ఉంది. కట్ట తెగాక దొరికిన శవాన్ని పెట్టిన గోతికి కూడా జాతి ఉంది. ఇది ఆవేశంతో అంటున్న మాట కాదు, లెక్కలతో సహా చూపించగలిగిన విషయం.

అట్లాంటిక్ మహాసముద్రంలో పుట్టే పెద్ద తుఫానుల్ని హరికేన్లు అంటారు. వాటి జాడ ముందుగా పసిగట్టడం ఎట్లా నేర్చుకున్నారన్న చరిత్రని సాధారణంగా పరికరాల చరిత్రగా రాస్తారు. మొదట బారోమీటరు వచ్చింది, తర్వాత టెలిగ్రాఫు, వైర్‌లెస్, విమానం, రాడారు, ఉపగ్రహం. ఒకదాని కన్నా ఒకటి మెరుగు. ఇదంతా అబద్ధమని మేము అనడంలేదు. అయితే ఈ చరిత్రలో మనుషులు కనపడరు. ఎవరి కబురుని నమ్మారు? కబురు ఎవరిదాకా వెళ్ళి ఆగిపోయింది? చచ్చిపోయినవాళ్ళని ఎవరు, ఎట్లా లెక్కపెట్టారు? ఈ ప్రశ్నలు పెట్టుకుని చదివితే అదే చరిత్ర వేరేగా కనిపిస్తుంది. 1928లో ఫ్లోరిడా రాష్ట్రంలో ఓకిచోబీ సరస్సు ఒడ్డున జరిగినదాన్ని మధ్యలో పెట్టుకుని, ముందూ వెనకా చూసే ప్రయత్నం చేస్తాం.

1. సముద్రం, రుతువు, దారి

జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ల కాలం. పశ్చిమ ఆఫ్రికా మీదుగా తూర్పు గాలుల్లో అలల్లాంటి కదలికలు పుట్టి, సముద్రం మీదికి వస్తాయి. కేప్ వెర్డీ దీవుల చుట్టుపక్కల, ఇంకా పడమరగా, సముద్రపు నీళ్ళు 26, 27 డిగ్రీల సెంటీగ్రేడుకి పైన వేడెక్కి ఉంటే, పైగాలులు అడ్డం రాకపోతే, ఆ కదలికల్లో కొన్ని బలపడి వాయుగుండాలవుతాయి. గాలి వేగం గంటకి 119 కిలోమీటర్లకి చేరితే దాన్ని హరికేన్ అంటారు. అట్లాంటిక్‌లో పెద్ద హరికేన్లలో చాలాభాగం ఈ ఆఫ్రికా అలల నుంచి పుట్టినవే. ఆఫ్రికా ఒడ్డున మొదలై కరీబియన్ దీవుల్ని తొక్కుకుంటూ అమెరికా తీరానికి వచ్చే ఈ దారి నల్లవాళ్ళకి కొత్తది కాదు. వాళ్ళ పూర్వీకుల్ని సంకెళ్ళతో ఓడల్లో వేసి తీసుకొచ్చింది కూడా ఈ తూర్పు గాలుల మీదనే.

హరికేన్ అన్న మాటని అమెరికావాళ్ళు పుట్టించలేదు. కరీబియన్ దీవుల్లో ఉండిన తైనో జనం మాట అది. స్పెయిన్‌వాళ్ళ నోట పడి ఇంగ్లీషులోకి వచ్చింది. తైనోల్ని బానిసపనితో, కత్తితో, రోగాలతో తుడిచిపెట్టినంత పని చేశారు. మాట మాత్రం మిగిలింది. తుఫాను గురించి ఆ దీవులవాళ్ళకి ఏం తెలుసో అది శాస్త్రం పుస్తకాలకి ఎక్కలేదు. విజేతల శాస్త్రం చాలాసార్లు ఇట్లాగే మొదలవుతుంది. పేరు తీసుకుంటుంది, పేరు పెట్టినవాళ్ళని తీసేస్తుంది.

2. హవానా కబురు, వాషింగ్టన్ చెవి

హరికేన్లని ముందుగా చెప్పడం ఒక పద్ధతిగా మొదలైంది క్యూబాలో. హవానాలో బెలెన్ కళాశాల వేధశాలకి 1870లో బెనీతో వీన్యెస్ అనే జెసూట్ ఫాదరీ అధిపతి అయ్యాడు. 1893లో చనిపోయేదాకా ఆయన అక్కడే పనిచేశాడు. ఎత్తయిన పలచని మేఘాలు ఏ దిక్కు నుంచి విచ్చుకుంటున్నాయి, బారోమీటరు ఎట్లా పడుతోంది, సముద్రం మీద లావుపాటి అలలు ఎటునుంచి వస్తున్నాయి అని రోజూ రాసిపెట్టి, వాటినుంచి తుఫాను కేంద్రం ఎక్కడుందో లెక్కగట్టేవాడు. 1875 సెప్టెంబరులో ఆయన ఇచ్చిన హెచ్చరికని హరికేన్ల చరిత్రలో మొదటిదిగా చెప్తారు. దీవుల్లో పరిశీలకుల్ని పెట్టుకుని టెలిగ్రాముల ద్వారా కబుర్లు తెప్పించుకునే ఏర్పాటు కూడా ఆయనదే. వీన్యెస్ అణగారినవాడేమీ కాదు. క్యూబాని ఏలిన స్పెయిన్ నుంచి వచ్చినవాడే. కానీ ఆయన తర్వాత ఆ పని నేర్చుకుని చేస్తున్న హవానావాళ్ళని అమెరికా ఎట్లా చూసిందో గమనించాలి.

1898 యుద్ధంలో స్పెయిన్ ఓడిపోయి, క్యూబా అమెరికా సైన్యం చేతికి వచ్చింది. అమెరికా వాతావరణ శాఖకి అప్పుడు విల్లిస్ మూర్ అధిపతి. క్యూబావాళ్ళు అనవసరంగా జనాన్ని భయపెడతారని, వాళ్ళది శాస్త్రం కాదు, ఊహ అని ఆయన శాఖలో అభిప్రాయం. 1900లో, సరిగ్గా తుఫానుల కాలంలో, టెలిగ్రాఫు తీగల్ని తన చేతిలో పెట్టుకున్న సైనిక ప్రభుత్వం క్యూబావాళ్ళ వాతావరణ కబుర్లు తీగల మీద పోకుండా నిలిపేసింది. ఆ సెప్టెంబరు మొదటివారంలో ఒక తుఫాను క్యూబా మీదుగా వెళ్ళింది. అది ఉత్తరానికి మళ్ళి ఫ్లోరిడా దాటి అట్లాంటిక్‌లోకి పోతుందని వాషింగ్టన్ లెక్క. కాదు, మెక్సికో గల్ఫ్‌లోకి, టెక్సాస్ వైపు పోతుందని హవానా లెక్క. హవానా లెక్కే నిజమైంది.

సెప్టెంబరు 8న గాల్వెస్టన్ నగరం మునిగింది. ఆ దీవిలో ఎత్తయిన నేల సముద్రమట్టానికి 9 అడుగులు కూడా లేదు. ఉప్పెన 15 అడుగులకి పైగా వచ్చింది. తక్కువలో తక్కువ 6,000 మంది, కొందరి లెక్కలో 12,000 మంది చచ్చిపోయారు. అమెరికా చరిత్రలో ఇంతమందిని పొట్టనపెట్టుకున్న ప్రకృతి విపత్తు మరొకటి లేదు. గాల్వెస్టన్‌కి పెద్ద తుఫాను ప్రమాదం ఉందనడం ఒట్టి భ్రమ అని అక్కడి వాతావరణ అధికారి ఐజాక్ క్లైన్ 1891లోనే పేపర్లో రాసి ఉన్నాడు. ఆయన తక్కువ చదివినవాడు కాదు. చదువు తక్కువై ఈ చావులు రాలేదు. తమకన్నా తక్కువవాళ్ళు అనుకున్నవాళ్ళ నోటినుంచి నిజం వస్తే వినకూడదన్న అలవాటు వల్ల వచ్చాయి.

తుఫాను తర్వాత గాల్వెస్టన్‌లో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. శవాల్ని పడవల్లోకి ఎక్కించే పనికి నల్లవాళ్ళని తుపాకులు చూపించి పట్టుకొచ్చారు. సముద్రంలో పారేసిన శవాలు తిరిగి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. అప్పుడు దొరికిన చోటే తగలబెట్టారు. ఇంకోపక్క నల్లవాళ్ళు శవాల వేళ్ళు కోసి ఉంగరాలు దోచుకుంటున్నారని దేశమంతా పేపర్లలో కథలు వచ్చాయి. శవాలు మోయించిందీ వాళ్ళచేతనే, శవాలు దోచారన్న నింద వేసిందీ వాళ్ళమీదనే. మన వెలివాడల్లో పెరిగినవాళ్ళకి ఇది వివరించి చెప్పాల్సిన పని లేదనుకుంటాం. చచ్చిన గొడ్డుని మోయించేదీ మనచేతనే, మోసినందుకు అంటరానివాళ్ళం అనిపించుకునేదీ మనమే.

3. సరస్సు, కట్ట, కూలీలు

ఫ్లోరిడా దక్షిణాన ఓకిచోబీ అనే పెద్ద సరస్సు ఉంది. విస్తీర్ణం సుమారు 1,900 చదరపు కిలోమీటర్లు. విస్తీర్ణం ఎంత ఉన్నా లోతు తక్కువ, సగటున 9 అడుగులే. దాని దక్షిణాన ఎవర్‌గ్లేడ్స్ అనే రెల్లు చిత్తడి. 20వ శతాబ్దం మొదట్లో కాలవలు తవ్వి ఆ చిత్తడిని ఎండగట్టారు. కింద బయటపడింది నల్లటి ఒండ్రు. కూరగాయలు, బీన్సు, చెరుకు బాగా పండే నేల. భూమి తెల్లవాళ్ళది, కంపెనీలది. కోత కోసే చేతులు నల్లవాళ్ళవి. వాళ్ళలో చాలామంది బహామా దీవుల నుంచి వలస వచ్చినవాళ్ళు. బెల్ గ్లేడ్, పహోకీ, సౌత్ బే లాంటి ఊళ్ళ చుట్టూ, పొలాల మధ్య, కాలవగట్ల మీద పాకలేసుకుని ఉండేవాళ్ళు.

సరస్సు నీళ్ళు పొలాల్లోకి రాకుండా దక్షిణం ఒడ్డున మట్టికట్ట పోశారు. చాలాచోట్ల దాని ఎత్తు మనిషి ఎత్తుకి మించదు. అది పంటని వానాకాలపు నీళ్ళనుంచి కాపాడటానికి వేసిన కట్ట, హరికేన్‌కి ఆగే కట్ట కాదు. ఈ విషయం 1928లో తెలియనిదేమీ కాదు. 1926 సెప్టెంబరులో మయామీని కొట్టిన హరికేన్‌కి ఇదే సరస్సు నైరుతి ఒడ్డున మూర్ హేవెన్ దగ్గర కట్ట తెగి, వందలమంది కొట్టుకుపోయారు. తర్వాత రెండేళ్ళు గడిచాయి. కట్ట అట్లాగే ఉంది. సమావేశాలు జరిగాయి, వాదనలు జరిగాయి. కట్ట ఎత్తు పెరగలేదు. కట్ట కింద నిద్రపోయేవాళ్ళకి ఆ సమావేశాల్లో నోరు లేదు, ఓటు లేదు.

4. ఒకే తుఫాను, మూడు తీరాలు

1928 సెప్టెంబరు 10న నడిసముద్రంలో ఒక ఓడ ఈ తుఫానుని చూసి వైర్‌లెస్‌లో కబురు పంపింది. అంత తూర్పున ఉండగానే హరికేన్ గురించి ఓడనుంచి రేడియో కబురు రావడం అప్పటికి అదే మొదలు. 12న గ్వాడెలూప్ దీవిని కొట్టింది. అక్కడ తయారవడానికి సమయం లేదు. సుమారు 1,200 మంది పోయారని అంచనా. 13న పోర్టో రికో మీదుగా వెళ్ళింది. ఆ దీవిని ఇంత బలంగా కొట్టిన హరికేన్ మరొకటి నమోదు కాలేదు. అక్కడివాళ్ళు తుఫానుకి ఆ రోజు పండగ జరుపుకునే పునీతుడి పేరు పెడతారు. దీన్ని రెండో సాన్ ఫెలీపే అన్నారు. అక్కడ చచ్చిపోయినవాళ్ళు 300 పైచిలుకు. అదే పోర్టో రికోలో 1899లో వచ్చిన సాన్ సిరియాకో తుఫానుకి 3,000 మందికి పైగా చచ్చిపోయారు. మరి 1928లో తేడా ఎక్కడినుంచి వచ్చింది? సాన్ హ్వాన్‌లోని వాతావరణ కార్యాలయం కబురుని టెలిగ్రాఫు మీద జిల్లాల పోలీసు ఠాణాలకి పంపింది. రేడియోలో మళ్ళీ మళ్ళీ చెప్పించింది. కొండల్లో ఉన్న ఊళ్ళదాకా మాట పోయింది.

అక్కడినుంచి ఫ్లోరిడాకి ఇంకా మూడురోజుల దూరం. పోర్టో రికో పేద వలస దీవి, ఫ్లోరిడా సంపన్న దేశంలో ఒక రాష్ట్రం. మూడురోజుల ముందే ఆ తుఫాను ఏపాటిదో లోకానికి తెలిసిపోయింది. అయినా ఎక్కువమంది చచ్చింది ఫ్లోరిడాలోనే. ఎందుకు?

వాతావరణ శాఖ అది ఫ్లోరిడాకి దూరంగా పోవచ్చని చివరిదాకా అనుకుంటూ వచ్చింది. తీరానికి హరికేన్ హెచ్చరిక ఇచ్చింది సెప్టెంబరు 16 పొద్దున. ఆ సాయంత్రమే తుఫాను వెస్ట్ పామ్ బీచ్ దగ్గర తీరం దాటింది. సముద్రపు ఒడ్డున ఇళ్ళు కూలాయి కానీ మనుషులు పోయింది తక్కువే. సరస్సు ఒడ్డు అక్కడికి నలభై మైళ్ళు లోపల. అక్కడ పొద్దున కొందరు తిరిగి, పల్లం వదిలి వెళ్ళమని చెప్పారు. కొంతమంది వెళ్ళారు కూడా. అనుకున్న వేళకి తుఫాను రాలేదు. తప్పిపోయిందనుకుని చాలామంది వెనక్కి వచ్చేశారు. అధికారిక చరిత్రల్లో ఈ వాక్యం ఉంటుంది. అది చదివితే తప్పు తిరిగొచ్చినవాళ్ళదే అనిపిస్తుంది. మేము అడిగేది ఇది. తిరిగి రాకుండా ఎక్కడ ఉండాలి? కూలివాడికి మోటారు లేదు. నలభై మైళ్ళ అవతల ఊళ్ళో వాణ్ణి లోపలికి రానిచ్చే హోటలు లేదు, ఎందుకంటే ఆ రాష్ట్రంలో నల్లవాళ్ళని వేరుగా పెట్టే చట్టాలు నడుస్తున్నాయి. రేడియో పెట్టె లేదు. తుఫాను ఆలస్యమైంది, ఇంకా వస్తోంది అని రెండోసారి చెప్పే మనిషి లేడు. మొదటి కబురు ఎట్లాగో నడిచి వచ్చింది. రెండో కబురు రాలేదు.

రాత్రి చీకట్లో ఉత్తరపుగాలి సరస్సు నీళ్ళన్నిటినీ దక్షిణపు ఒడ్డుకి తోసింది. లోతు తక్కువైన నీళ్ళు గాలికి తేలిగ్గా గుట్టపడతాయి. అంతకుముందు వారాల్లో పడిన వానలకి సరస్సు నిండుగానే ఉంది. మట్టికట్ట మైళ్ళకి మైళ్ళు తెగిపోయింది. నీళ్ళు పాకల్ని మనుషులతో సహా రెల్లులోకి ఈడ్చుకుపోయాయి.

జోరా నీల్ హర్‌స్టన్ అనే నల్లజాతి రచయిత్రి, మానవశాస్త్ర పరిశోధకురాలు, ఈ తుఫానుని 1937లో వచ్చిన తన నవల 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్'లోకి తీసుకొచ్చింది. ఆ నవలలో సెమినోల్ ఆదివాసులు రెల్లు పూసిందని చూసి ముందే ఎత్తు ప్రాంతానికి వెళ్ళిపోతారు. పొలం కూలీలు నవ్వుకుంటారు. తెల్లవాళ్ళు కదలలేదు కదా, ప్రమాదం ఉంటే వాళ్ళకి తెలియదా అనుకుంటారు. నవలని దస్తావేజుగా చూపించడం మా ఉద్దేశం కాదు. అయితే ఇందులో కూలివాడి స్థితి ఉంది. వాడి దగ్గర బారోమీటరు లేదు. యజమాని ముఖమే వాడి బారోమీటరు. ఆదివాసి తెలివిని తక్కువగా చూడటం కూడా వాడు ఆ యజమాని దగ్గరే నేర్చుకున్నాడు. అణచివేత ఒక మెట్టు మీద ఆగదు, కింది మెట్టుకి కూడా దిగుతుంది. మాల, మాదిగల మధ్యా, మనకీ యానాదులకీ మధ్యా ఉన్న దూరాలు చూసుకుంటే ఈ మాట మనకీ తగులుతుంది.

5. గోతుల లెక్క

శవాలు వారాలపాటు దొరుకుతూనే ఉన్నాయి. ఏరటానికి, మోయటానికి నల్లవాళ్ళని తుపాకులతో పట్టుకొచ్చారు. వెస్ట్ పామ్ బీచ్‌లో పని వదిలి వెళ్ళబోయిన ఒక నల్లవాణ్ణి కాపలా ఉన్న సైనికుడు కాల్చి చంపాడు. పేటికలు తక్కువ ఉన్నాయి. ఉన్నవాటిని తెల్లవాళ్ళ శవాలకి ఇచ్చారు. వుడ్‌లాన్ శ్మశానంలో 69 మంది తెల్లవాళ్ళని పూడ్చి గుర్తురాయి వేశారు. టామరిండ్ అవెన్యూ, అంటే చింతచెట్ల వీధి, అక్కడ బీదల శ్మశానంలో గొయ్యి తవ్వి 674 మంది నల్లవాళ్ళని పూడ్చారు. అక్కడ రాయి లేదు. సరస్సు పక్కన పోర్ట్ మయాకాలో ఇంకో గొయ్యి, అందులో సుమారు 1,600 మంది. మోయలేనివాటిని, కుళ్ళిపోయినవాటిని గుట్టలుపోసి తగలబెట్టారు. టామరిండ్ గొయ్యి ఉన్న స్థలం చేతులు మారింది. పైన పూడ్చబడినవాళ్ళ గుర్తు లేకుండా దశాబ్దాలు గడిచాయి. ఆ ఊరి నల్లవాళ్ళు పోరాడి పోరాడి 2002లో దాన్ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోకి ఎక్కించుకున్నారు.

మొత్తం ఎంతమంది పోయారు? ప్రభుత్వం పుస్తకాల్లో డెబ్బై ఏళ్ళకి పైగా 1,836 అని ఉంది. 2003లో, అంటే 75 ఏళ్ళ తర్వాత, వాతావరణ శాఖ ఆ అంకెని 'కనీసం 2,500' అని మార్చింది. వాళ్ళలో నాలుగింట మూడొంతులమంది నల్ల వలస కూలీలని అంచనా. కనీసం అన్న మాటని చదువరులు గమనించాలి. ఆ మాటకి అర్థం పై హద్దు తెలియదని. చాలామంది కూలీలు ఏ పుస్తకంలోనూ పేరు లేనివాళ్ళు. మేస్త్రీకి ముద్దుపేరు తెలుసు, ఇంటిపేరు తెలియదు. అడగటానికి బంధువులు బహామాల్లో ఎక్కడో ఉన్నారు, లేదా వాళ్ళూ ఆ నీళ్ళల్లోనే పోయారు.

అమెరికా హరికేన్ కేంద్రం ఇప్పుడు తుఫాను బతికున్నన్నాళ్ళూ ఆరుగంటలకొకసారి అది ఎక్కడుందో, గాలి ఎంత వేగమో ప్రకటిస్తుంది. వందేళ్ళకి పైగా పాత తుఫానుల దారుల్ని కూడా ఇట్లాగే ఆరుగంటల చుక్కలుగా పటం మీద పెట్టారు. 1928 తుఫాను దారి కూడా అందులో ఉంది. గాలి ఏ పూట ఎక్కడుందో రాసిపెట్టుకున్నారు. ఆ గాలికి పోయిన మనిషి ఎవరో రాసిపెట్టుకోలేదు. సైన్సుకి చేతకాక కాదు. ఒకటి లెక్కపెట్టదగిందని అనుకున్నారు, ఇంకోటి అనుకోలేదు.

ఆ తర్వాత కట్ట వచ్చింది. 1930ల్లో సరస్సు చుట్టూ పెద్ద కట్ట మొదలుపెట్టి, దానికి అధ్యక్షుడు హూవర్ పేరు పెట్టారు. కట్టకి అధ్యక్షుడి పేరు ఉంది, గొయ్యిలో ఉన్నవాళ్ళకి పేర్లు లేవు.

6. ఉపగ్రహం వచ్చాక

పరికరాలు మెరుగైతే ఈ తేడా పోతుందని ఎవరైనా అనవచ్చు. అది కూడా చూద్దాం. 1943లో మొదటిసారి ఒక విమానం కావాలని హరికేన్ కన్నులోకి వెళ్ళి వచ్చింది. 1960లో మొదటి వాతావరణ ఉపగ్రహం పైకి పోయింది. ఆ తర్వాత నడిసముద్రంలో ఏ తుఫానూ మనిషి కంట పడకుండా పుట్టే వీలు లేకుండా పోయింది.

2005 ఆగస్టులో కత్రీనా వచ్చినప్పుడు జాడ తీయడంలో లోపం లేదు. తీరం తాకటానికి ముందురోజు పొద్దుననే, వారాలపాటు మనుషులు ఉండలేని పరిస్థితి వస్తుందని న్యూ ఓర్లీన్స్ వాతావరణ కార్యాలయం స్పష్టంగా రాసింది. నగరం ఖాళీ చేయమని ఆజ్ఞ వచ్చింది. మూడింట రెండొంతులు నల్లవాళ్ళున్న ఆ నగరంలో కారు లేనివాళ్ళు లక్షకు పైగా. వాళ్ళు ఎట్లా వెళ్ళాలో ఆజ్ఞలో లేదు. కట్టలు తెగి నగరంలో ఐదింట నాలుగొంతులు మునిగింది. లూసియానాలో చచ్చిపోయినవాళ్ళలో దాదాపు సగంమంది 75 ఏళ్ళు, ఆ పైబడిన ముసలివాళ్ళు. నడవలేనివాళ్ళకి కబురు వచ్చింది, బండి రాలేదు. నీళ్ళల్లో తిండి పట్టుకుపోతున్న నల్లవాడి ఫోటో కింద 'దోచుకుని' అని, అట్లాగే పోతున్న తెల్లవాళ్ళ ఫోటో కింద 'దొరికించుకుని' అని రెండు వార్తాసంస్థలు రాశాయి. డాన్‌జిగర్ వంతెన మీద పోలీసులు ఆయుధాలు లేని నల్లవాళ్ళ మీద కాల్పులు జరిపి ఇద్దర్ని చంపారు. గాల్వెస్టన్‌కీ దీనికీ మధ్య 105 ఏళ్ళు. పరికరాలన్నీ మారాయి.

2017లో పోర్టో రికోని మరియా కొట్టింది. చచ్చింది 64 మంది అని ప్రభుత్వం నెలల తరబడి చెప్పింది. 2018 ఆగస్టులో ఆ లెక్క 2,975కి మారింది. కరెంటు లేక, మందు లేక, దారి లేక తర్వాత చచ్చినవాళ్ళని మొదటి లెక్కలో చేర్చలేదు. 2019లో డోరియన్ బహామాల్లో అబాకో దీవిని కొట్టినప్పుడు హైతీ నుంచి వలస వచ్చినవాళ్ళు పాకలేసుకున్న 'మడ్' అనే బస్తీ నేలమట్టమైంది. కాయితాలు లేవన్న భయంతో శిబిరానికి పోనివాళ్ళు ఎంతమందో లెక్కకి అందలేదు. 1928లో ఫ్లోరిడా నీళ్ళల్లో పోయినవాళ్ళలో బహామావాళ్ళు ఎక్కువ. ఇప్పుడు బహామాల్లో హైతీవాళ్ళు. పేరులేనివాడి స్థానం ఖాళీగా ఉండదు, ఇంకొకర్ని తెచ్చి అందులో నిలబెడతారు.

మార్గం లేదా అంటే ఉంది. 1900లో ఎవరి టెలిగ్రాముల్ని ఆపేశారో ఆ క్యూబానే చూడాలి. 1963లో ఫ్లోరా హరికేన్‌కి క్యూబాలో వెయ్యిమందికి పైగా పోయారు. ఆ తర్వాత వాళ్ళు వీధివీధికీ మనుషుల్ని పెట్టి, ఏ ఇంట్లో ముసలివాళ్ళున్నారో, ఎవరికి బండి కావాలో ముందే రాసిపెట్టుకునే పద్ధతి తెచ్చుకున్నారు. 2001లో మిషెల్ వచ్చినప్పుడు సుమారు ఏడు లక్షలమందిని కదిలించారు, చచ్చిపోయింది ఐదుగురు. 2004లో ఐవాన్‌కి దాదాపు 19 లక్షలమందిని తరలించారు, ఒక్క చావు లేదు. క్యూబా ఉపగ్రహాల దేశం కాదు. కబురుతోపాటు బస్సు కూడా పంపింది, అంతే తేడా.

7. మన తీరం

ఈ చరిత్ర మనకెందుకు? మన సముద్రంలో కూడా హెచ్చరికల చరిత్ర ఓడలతోనే మొదలైంది. 1864 అక్టోబరులో కలకత్తాని, నవంబరులో మచిలీపట్నాన్ని తుఫానులు ముంచాక, 1865లో కలకత్తా రేవుకి తుఫాను హెచ్చరికల ఏర్పాటు వచ్చింది. 1875లో భారత వాతావరణ శాఖ వచ్చింది. రేవులో ఎగరేసే గుర్తు ఓడ కెప్టెనుకి. ఉప్పుటేరు గట్టున ఉండేవాడికి ఆ గుర్తు కనపడదు.

కబురు ఊళ్ళోకి వచ్చాక దాన్ని మోసేది ఎవరు? వెట్టి చేసే మాలో, డప్పు కొట్టే మాదిగో. వీధివీధికీ దండోరా వేసి అందరికీ చెప్పాకగానీ వాడు తన పల్లెకి చేరడు. ఆ పల్లె ఊరికి పల్లంలో ఉంటుంది, కాలవ పోరంబోకులో ఉంటుంది. ఊళ్ళో మేడ ఉంటుంది, పల్లెలో తాటాకు పాక ఉంటుంది. నీళ్ళు ముందొచ్చేది పాకకి, కబురు చివరొచ్చేదీ పాకకే. ఆ కబురు మోసిన గొంతు కూడా పాకదే.

1977 నవంబరు 19న దివిసీమని ముంచిన ఉప్పెనలో సుమారు 10,000 మంది పోయారని మనం చదువుకుంటాం. చూసినవాళ్ళు ఇంకా ఎక్కువే అంటారు. ఆ అంకె ఎప్పుడూ ఒకే అంకెగా ఉంటుంది. అందులో కూలీలెందరు, జాలర్లెందరు, యానాదులెందరు, మాల మాదిగలెందరు అన్నది చెప్పదు. ఇక్కడ అమెరికాకీ మనకీ ఒక తేడా ఉంది. అక్కడ గోతులు వేరుచేశారు కాబట్టి 69, 674 అని రెండు అంకెలు పుస్తకంలో పడ్డాయి. అవమానించటానికి రాసిన లెక్కే తర్వాత సాక్ష్యమైంది. వాళ్ళ మనవలు దాన్ని పట్టుకుని నిలబడ్డారు. మన దగ్గర బతికినన్నాళ్ళూ వేరుగా పెట్టి, చచ్చాక ఒకే అంకెలో కలిపేశారు. చావులో దొరికిన ఈ సమానత్వం వల్ల మనకి మిగిలింది ఏమిటంటే, చూపించటానికి కాయితం లేకపోవడం.

ఇప్పుడు బంగాళాఖాతంలో జాడ తీయడం చాలా మెరుగైంది. 1999లో ఒడిశాలో దాదాపు 10,000 మంది పోయిన చోట, 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు లక్షలమందిని ముందే తరలించి చావుల్ని పదుల్లోకి తగ్గించారు. ఇది మామూలు విజయం కాదు, మేము దాన్ని తక్కువ చేయం. కానీ అది జాడ తీసినందుకు మాత్రమే రాలేదు, జనాన్ని కదిలించినందుకు వచ్చింది. అందుకే ప్రతి తుఫాను తర్వాతా అడగాల్సిన ప్రశ్నలు ఇవి. బస్సు పల్లెదాకా వచ్చిందా? శిబిరంలో ఎవరు ఏ మూల కూర్చున్నారు? నష్టం రాసుకున్నవాళ్ళు పాకని ఇల్లుగా రాశారా?

దివిసీమ ఉప్పెనని తెలిసిన వయసులో చూసినవాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళు. ఇంకో పదిహేనేళ్ళకి అడగటానికి మనిషి ఉండడు. ఫ్లోరిడాలో 75 ఏళ్ళ తర్వాత అంకె మార్చగలిగారు కానీ పేర్లు తేలేకపోయారు, అప్పటికి ఆలస్యమైంది. విశ్వవిద్యాలయాల్లోకి మొదటిసారి అడుగుపెట్టిన మనలాంటి పరిశోధకులు ఈ పని ఎవరో చేస్తారని కూర్చోకూడదు. పల్లె పల్లెకీ పోయి, ఇంటింటికీ ఎవరు పోయారో, ఏ వయసో, ఏ పనిచేసేవాళ్ళో, ఆ రోజు తుఫాను కబురు వాళ్ళకి ఏ వేళకి ఎవరి నోట వచ్చిందో, అసలు వచ్చిందో లేదో, రాయాలి. పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం చాలు. మొదటి కాలమ్‌లో పేరు ఉండాలి.